గోడ పక్క ఆట: ఐస్ హాకీపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఫిషింగ్ హార్బర్‌లో చేపల మీద పోసే మంచు తప్ప వేరే మంచు ఎరగని ఊరు మనది. అయినా గత సంచికలో స్వీడన్ వింగర్ (కుడి లేదా ఎడమ పక్కన ఆడే దాడి ఆటగాడు) డేనియల్ ఆల్ఫ్రెడ్‌సన్ గురించి నాలుగు ముక్కలు వేసినందుకే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకమైన ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఆల్ఫ్రెడ్‌సన్‌ను 1994 డ్రాఫ్టులో 133వ వాడిగా తీసుకున్నారని రాశారు. అంత వెనకబడినవాడు కెప్టెన్ దాకా ఎలా వెళ్ళాడు? (ఇంజనీరింగ్ విద్యార్థి, ఎంవీపీ కాలనీ)

జవాబు: ముందు డ్రాఫ్ట్ సంగతి. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ప్రతి వేసవి జట్లు వంతులవారీగా కుర్రాళ్ళను ఎంచుకుంటాయి. ఇది ఐపీఎల్ వేలం లాంటిది కాదు. ఇక్కడ డబ్బు పాట ఉండదు, దక్కేది ఆ కుర్రాడితో ఒప్పందం చేసుకునే హక్కు మాత్రమే. ఎక్కువమందిని 18 ఏళ్ళకే ఎంచుకుంటారు. ఆల్ఫ్రెడ్‌సన్ 1972 డిసెంబర్ 11న గోథెన్‌బర్గ్‌లో పుట్టాడు. 1991, 92, 93 డ్రాఫ్టుల్లో అతని పేరు ఎవరూ పలకలేదు. 1994లో, 21 ఏళ్ళ వయసులో, ఆరో రౌండులో ఒటావా సెనేటర్స్ తీసుకుంది.

ఈ ఆలస్యమే అతనికి మేలు చేసిందని మా అభిప్రాయం. 1992 నుంచి 95 దాకా సొంత ఊరి క్లబ్ ఫ్రోలుండాలో మూడు సీజన్లు ఆడాడు. అది స్వీడన్ పై స్థాయి లీగు. తోటి కుర్రాళ్ళతో కాదు, ముప్పై ఏళ్ళు దాటిన గట్టి మనుషులతో మైదానం చుట్టూ ఉండే గోడ దగ్గర తోపులాట. 18 ఏళ్ళకే సముద్రం దాటిన చాలామంది చిన్న లీగుల్లో నలిగే కాలంలో ఇతను ఇంటి దగ్గరే పని నేర్చుకున్నాడు. రెండో కారణం ఖాళీ. ఒటావా 1992లోనే లీగులోకి వచ్చిన జట్టు, అప్పటికి పట్టికలో అట్టడుగున ఉంది. బలమైన జట్టయితే కొత్తవాడు నాలుగో లైనులో (లైను అంటే కలిసి మంచు మీదికి దిగే ముగ్గురు దాడి ఆటగాళ్ళు) పది నిమిషాల ఆట కోసం కాచుకోవాలి. ఇక్కడ మొదటి లైనే దొరికింది. 1995–96లో 82 ఆటల్లో 26 గోల్స్, 35 అసిస్టులు (గోల్‌కు దారితీసిన పాసులు), మొత్తం 61 పాయింట్లు. ఆ ఏటి మేటి కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ అతనిదే.

1999లో కెప్టెన్ అలెక్సీ యాషిన్ ఒప్పందం గొడవతో సీజనంతా ఆడకపోవడంతో కెప్టెన్సీ ఆల్ఫ్రెడ్‌సన్‌కు వచ్చింది, 2013లో జట్టు వదిలేదాకా అతని దగ్గరే ఉంది. యాజమాన్యం, ఆటగాళ్ళ జీతాల తగువులో 2004–05 సీజన్ మొత్తం రద్దయితే, తిరిగి ఫ్రోలుండాకు వెళ్ళి ఆ ఏటి స్వీడన్ టైటిల్ గెలిచాడు. మరుసటి సీజన్లో జేసన్ స్పెజ్జా, డానీ హీట్లీలతో ఒకే లైనులో ఆడి 77 ఆటల్లో 103 పాయింట్లు. 2008 జనవరి 24న టాంపా బే మీద ఒక్క రాత్రిలో మూడు గోల్స్, నాలుగు అసిస్టులు. మొత్తం కెరీర్ 1,246 ఆటలు, 444 గోల్స్, 713 అసిస్టులు.

ఇంకో మాట. అదే 1994 డ్రాఫ్టులో ఇంకా వెనక, 257వ వాడిగా, మరో స్వీడన్ వింగర్‌ను డెట్రాయిట్ తీసుకుంది. పేరు టోమస్ హోల్మ్‌స్ట్రోమ్. వేగం అంతంతమాత్రం. అతని విద్య ఒకటే: గోలీ (గోల్‌కీపర్) కళ్ళకు అడ్డంగా నిలబడి, వీపు మీద ఎన్ని దెబ్బలు పడినా కదలకుండా, దూరం నుంచి వచ్చే షాట్‌ను స్టిక్‌తో చివరి క్షణంలో మళ్ళించడం. ఆ ఒక్క విద్యతో వెయ్యికి పైగా ఆటలు, ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పులు నాలుగు. వింగర్లను 18 ఏళ్ళప్పుడు అంచనా వేయడం కష్టమనడానికి ఇంతకన్నా ఏం కావాలి!

ప్రశ్న: మా బాబుకు 12 ఏళ్ళు, 38 కిలోలు. వీఎంఆర్‌డీఏ పార్కులో స్కేటింగ్ నేర్చుకుంటున్నాడు. కుడిచేతి వాటం. ఆల్ఫ్రెడ్‌సన్‌లా రైట్ వింగ్ ఆడాలంటున్నాడు. కుడి స్టిక్ కొనాలా, ఎడమదా? (ఒక తల్లి, గాజువాక)

జవాబు: అమ్మా, ఇక్కడ చాలామంది పొరబడతారు. 'కుడి స్టిక్' అంటే కుడిచేతి వాటం వాళ్ళది అని అర్థం కాదు. కుడి చేయి కిందా, ఎడమ చేయి పైనా పెట్టి, శరీరానికి కుడి పక్కన పక్‌ను (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళను) ఆడేది కుడి స్టిక్. స్వీడన్‌లో కుడివాటం పిల్లలు చాలామంది ఎడమ స్టిక్కే పడతారు. స్టిక్‌ను తిప్పేది పై చేయి, బలమైన చేయి పైన ఉంటే నియంత్రణ బాగుంటుందని వాళ్ళ లెక్క. మన పిల్లల సంగతి వేరు. కుడివాటం బ్యాటర్ బ్యాట్ పట్టినప్పుడు ఎడమ చేయి పైన, కుడి చేయి కింద. మైదానపు హాకీలోనూ అంతే, అక్కడ ఎడమ స్టిక్ అనేదే లేదు. కాబట్టి క్రికెట్ ఆడే బాబుకు కుడి స్టిక్కే సహజంగా కుదరొచ్చు. ఆల్ఫ్రెడ్‌సన్‌ది కూడా కుడి స్టిక్కే. కొనేముందు చిన్న పరీక్ష: ఇంట్లో చీపురు కర్ర ఇచ్చి నేల మీద టెన్నిస్ బంతిని నెట్టమనండి. ఏమీ చెప్పకండి. ఏ పక్క నుంచి నెట్టాడో అదే అతని పక్క.

పొడవు: బూట్లు లేకుండా నిలబడితే స్టిక్ కొన ముక్కు దగ్గరికి రావాలి, స్కేట్స్ వేసుకుంటే గడ్డం దగ్గరికి. ఇంకా ఎదుగుతాడు కదా అని పొడుగుది కొనకండి. పొడుగు స్టిక్‌తో పిల్లాడు నిటారుగా నిలబడటం అలవాటు చేసుకుంటాడు, మోకాళ్ళు వంగవు, ఆ తర్వాత ఎవరు చెప్పినా మారదు.

స్టిక్ మీద ఉండే 'ఫ్లెక్స్' అంకె అది వంగడానికి కావలసిన బలాన్ని చెబుతుంది. శరీర బరువు పౌండ్లలో ఎంతో అందులో సగం అని మోటు లెక్క. 38 కిలోలంటే సుమారు 84 పౌండ్లు, కాబట్టి 40 ఫ్లెక్స్ చాలు. పెద్దవాళ్ళ 75 ఫ్లెక్స్ స్టిక్ ఇస్తే అది వంగదు, షాట్ లేవదు, బాబు భుజం బలంతో కొడతాడు. పెద్ద స్టిక్ కొని కోయిద్దామనుకుంటే 5 సెంటీమీటర్లు కోసేసరికి ఫ్లెక్స్ 5 నుంచి 8 దాకా పెరుగుతుంది, అంటే మరింత గట్టిపడుతుంది. కోయక తప్పకపోతే సన్నపళ్ళ హాక్‌సా బ్లేడుతో, కోసే చోట టేపు చుట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని కోయాలి. కార్బన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇక రైట్ వింగ్ ఆడాలా అన్నది ఇప్పుడే తేల్చకండి. కుడి పక్క గోడ వెంట వచ్చే పక్‌ను కుడి స్టిక్ వాడు సూటిగా అందుకుంటాడు. ఎడమ స్టిక్ వాడికి అక్కడ బ్యాక్‌హ్యాండ్‌తో ఆపాల్సి వస్తుంది గానీ, గోల్ మీదికి మధ్యలోకి దూసుకొస్తే అతని షాట్ కోణం మెరుగు. రెండు పద్ధతులకూ గొప్పవాళ్ళున్నారు.

ప్రశ్న: టీవీలో చూస్తే వింగర్లు సగం సేపు గోడకు అంటుకుని ఊరికే నిలబడినట్టే ఉంటారు. వాళ్ళ పనేంటి? ఇంకా, నిమిషం కూడా కాకుండానే ఎందుకు దిగిపోతారు? (బ్యాంకు ఉద్యోగి, మద్దిలపాలెం)

జవాబు: మీకు ఖాళీగా కనిపించిన ఆ నిలబడటంలోనే వింగర్ జీతం ఉంది. మన గోల్ వెనక డిఫెన్స్ ఆటగాడికి పక్ దొరికింది, ఎదుటివాళ్ళు ఇద్దరు మీదికొస్తున్నారు. అతను పక్‌ను గోడ వెంట గట్టిగా తిప్పి కొడతాడు. దాన్ని అందుకోవలసింది వింగరే.

నిలబడే చోటు మన గోల్‌కు పక్కనున్న ఫేసాఫ్ వలయం (ఆట తిరిగి మొదలుపెట్టేందుకు పక్ వేసే చోటు) అంచు, గోడ దగ్గర. వీపు గోడ వైపు, ముఖం మైదానం వైపు, స్టిక్ మంచు మీద. పక్ రాకముందే రెండుసార్లు భుజం మీదుగా చూసుకోవాలి: మీదికొచ్చే ఎదుటి డిఫెన్స్ ఆటగాడు ఎంత దూరంలో ఉన్నాడు, మన సెంటర్ (మధ్యలో ఆడే దాడి ఆటగాడు) ఎక్కడున్నాడు. పక్ గోడ వెంట ఎగిరెగిరి వస్తే స్టిక్‌ను నమ్మకూడదు, స్కేట్‌ను గోడకు ఆనించి కాలితో ఆపాలి. ఆపాక మూడు దారులు. సెంటర్ దగ్గరుంటే చిన్న పాస్. అతన్ని కట్టేస్తే గోడకు కొట్టి, మన వైపు భాగాన్ని వేరుచేసే నీలిగీత అవతలికి పంపడం. రెండూ మూసుకుపోతే పక్‌ను గోడకు అదిమిపట్టి సాయం వచ్చేదాకా నిలవడం. మూడోది అందంగా ఉండదు, కానీ కోచ్‌లు ముందు గమనించేది దాన్నే.

కొత్తవాళ్ళు తప్పేది రెండు చోట్ల. ఒకటి, పక్ మన చేతిలో పడిందో లేదో తేలకముందే గోల్ ఆశతో పైకి పరుగెత్తడం. దాంతో డిఫెన్స్ ఆటగాడి పాస్ దూరమై నీలిగీత దగ్గర ఎదుటివాడికి చిక్కుతుంది, మనవాళ్ళంతా ముందుకు కదిలి ఉంటారు, ఇక గోలీ ఒంటరి. రెండోది ప్రమాదం: ముఖం గోడ వైపు తిప్పి పక్ కోసం వెతకడం. వెనక నుంచి తగిలే దెబ్బకు మెడ విరిగే స్థితి అదే. పక్ మన వైపు ఉన్నంతసేపూ నీలిగీత దగ్గరుండే ఎదుటి డిఫెన్స్ ఆటగాడి షాట్‌కు అడ్డం నిలవడం కూడా వింగర్ పనే. 156 నుంచి 170 గ్రాముల గట్టి రబ్బరు అది. కాలికి తగిలితే తెలుస్తుంది.

షిఫ్ట్ సంగతి. ఒక్కో దఫా 40 నుంచి 50 సెకన్లు. అది నడక కాదు, ఆగి ఆగి పూర్తి బలంతో పరుగు. నిమిషం దాటితే తొడలు బిగుసుకుంటాయి, బుర్రకు తెలిసినా కాలు కదలదు. దిగిపోవడానికీ ఓ సమయముంది: పక్‌ను ఎదుటివాళ్ళ మూలలోకి కొట్టాకే, మన వైపున్నప్పుడు కాదు. ఆటలోని మూడు భాగాల్లో రెండో దానిలో జట్లు వైపులు మారతాయి కాబట్టి మన గోల్‌కు మన బెంచీ దూరమైపోతుంది. అలిసిన లైను అక్కడే ఇరుక్కుని గోల్ తినడం రెండో భాగంలో ఎక్కువగా కనిపించేది అందుకే. ఈసారి ఆట చూసేటప్పుడు పక్‌ను వదిలేసి ఒక్క వింగర్‌నే మూడు షిఫ్టులు చూడండి.

ప్రశ్న: స్వీడన్ మైదానాలు పెద్దవట. అక్కడివాళ్ళు అమెరికా వెళ్తే ఇబ్బంది కాదా? (సీతమ్మధార)

జవాబు: పొడవు దాదాపు ఒకటే. తేడా వెడల్పులో: స్వీడన్‌లో సాంప్రదాయికంగా 30 మీటర్లు, ఎన్‌హెచ్‌ఎల్‌లో సుమారు 26. ఆ నాలుగు మీటర్ల కోత వింగర్‌నే ఎక్కువ తాకుతుంది. గోడ దగ్గర పక్ అందుకున్నాక ఆలోచించే సమయం తగ్గుతుంది, మీదికొచ్చేవాడు ముందే వస్తాడు. లాభం కూడా ఉంది, గోడ నుంచి గోల్ దగ్గరవుతుంది.

ప్రశ్న: ఆల్ఫ్రెడ్‌సన్ కప్పు గెలిచాడా? (భీమిలి)

జవాబు: స్టాన్లీ కప్ లేదు. 2007లో బఫెలో మీద ఓవర్‌టైమ్ గోల్ కొట్టి జట్టును ఫైనల్‌కు తీసుకెళ్ళాడు, అక్కడ అనహైమ్ ఐదు ఆటల్లో గెలిచింది. ఒలింపిక్ స్వర్ణం ఉంది: 2006 టురిన్, ఫైనల్లో ఫిన్లాండ్ మీద 3–2. 2014 సోచీలో రజతం. 2022లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, అదే ఏడాది స్వీడన్ ఆటగాళ్ళు సెడిన్ కవలలు కూడా చేరారు.

ప్రశ్న: ఒక్క రోజుకు ఒప్పందం చేసుకున్నాడంటారు, అదేమిటి? (అదే పాఠకుడు)

జవాబు: చివరి సీజన్ 2013–14 డెట్రాయిట్‌కు ఆడాడు. ఒటావా ఆటగాడిగానే విరమించుకోవాలని 2014 డిసెంబర్ 4న ఆ జట్టుతో ఒక్క రోజు ఒప్పందం రాసుకుని, ఆటకు ముందు వార్మప్‌లో దిగాడు. ఆట ఆడలేదు. అతని 11వ నంబర్‌ను 2016 డిసెంబర్ 29న జట్టు శాశ్వతంగా పక్కన పెట్టింది.

ప్రశ్న: వైజాగ్‌లో ఉంటూ మంచు మీదికి వెళ్ళే దారి ఉందా? (ఇద్దరు పిల్లల తండ్రి, అక్కయ్యపాలెం)

జవాబు: ఉంది, కానీ మొదటి మలుపులోనే తప్పు దారి పట్టొచ్చు. మన దేశంలో చక్రాల హాకీ రెండు రకాలు. రోలర్ హాకీ అంటే రెండు జతల చక్రాల క్వాడ్ స్కేట్లు, బంతి, పొట్టి వంపు స్టిక్. ఇన్‌లైన్ హాకీ అంటే ఒకే వరసలో చక్రాలు, పక్, ఐస్ హాకీ లాంటి స్టిక్. పిల్లల్ని చేర్చేటప్పుడు ఏది నేర్పుతారో అడగండి. మంచే లక్ష్యమైతే ఇన్‌లైన్ కావాలి. సిమెంటు నేల మీద మెత్తటి చక్రాలు వారాల్లో అరిగిపోతాయి, 80ఏ పైన గట్టితనం ఉన్నవి తీసుకోండి. ఉప్పుగాలికి బేరింగులు తుప్పు పడతాయి. వారానికోసారి తీసి, తుడిచి, రెండు చుక్కల నూనె వేయాలి.

ఇన్‌లైన్ నుంచి మంచుకు మారితే పక్ పని, పాస్, చూపు అన్నీ పనికొస్తాయి. పనికిరానిది ఆగడం. మంచు మీద బ్లేడును అడ్డంగా తిప్పి పై పొరను గీకుతూ ఆగుతారు, చక్రాలు అలా జారవు. బ్లేడు అడుగున సన్నని గాడి, దానికి రెండు పక్కలా రెండు అంచులు. ఏ అంచు మీద బరువు పడుతోందో కాలికి తెలియడానికి మొదటి నాలుగైదు రోజులూ పోతాయి. వాటిలో హాకీ ఆడించకుండా ఆగడం, తిరగడం మాత్రమే చేయించండి.

మంచు కోసం డెహ్రాడూన్‌లో పూర్తి సైజు ఇండోర్ రింక్ ఉంది, 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడలకు కట్టినది. గురుగ్రామ్‌లో ఓ మాల్‌లో చిన్నది ఉంది, అంచులు నేర్చుకోవడానికి సరిపోతుంది. అసలు ఐస్ హాకీ లడఖ్‌లో ఉంది. 2025లో ఆసియా కప్ కాంస్యం తెచ్చిన మన మహిళల జట్టుకు పట్టు అక్కడిదే. అక్కడి సహజ మంచు డిసెంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు, మనం సముద్రమట్టం వాళ్ళం. విమానం దిగాక కనీసం రెండు రోజులు గదిలో విశ్రాంతి. తలనొప్పి, వాంతులు ఉంటే స్కేట్లు కట్టకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. హెల్మెట్, మెడపట్టీ, మోకాళ్ళ ప్యాడ్లు ఇక్కడి నుంచే సరిపోయేవి తీసుకెళ్ళండి, సైజు కలవని అద్దె హెల్మెట్ పెట్టుకున్నా పెట్టుకోనట్టే.