కిట్ దొరకకపోతే మన ఊరి స్టేషన్ మోడల్‌ని సొంతంగా కట్టుకోవచ్చా?
హెచ్‌ఓ (మోడల్ రైళ్లలో ఒక సైజు) ట్రాక్ కొన్నాను, విదేశీ కిట్లలో ఏదీ మన నల్లగొండ వైపు స్టేషన్‌లా లేదు, ఏం చేయాలి అని అడిగారు. నిశ్చింతగా కట్టుకోవచ్చు. నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను. మా లైన్‌లోని చిన్న స్టేషన్లను చూసి అట్టతో, సన్‌బోర్డుతో (తేలికపాటి ఫోమ్ షీటు) కడుతుంటాను.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: పొడవు తగ్గించండి, తలుపు తగ్గించకండి. హెచ్‌ఓ అంటే 1:87, అంటే అసలుదానిలో 87వ వంతు, అడుగుకు 3.5 మి.మీ. 100 అడుగుల భవనం 35 సెం.మీ. వస్తుంది. చాలామంది టేబుల్ మీద అంత చోటుండదు. అలాగని మొత్తం కుదిస్తే 24.5 మి.మీ. ఉండాల్సిన 7 అడుగుల తలుపు కూడా చిన్నదై, మనిషి బొమ్మ పక్కన పెట్టగానే తేడా తెలిసిపోతుంది. దానికి బదులు ఒకటి రెండు గదులు తీసేయండి. తలుపులు, చూరు ఎత్తు, ప్లాట్‌ఫాం మాత్రం లెక్క ప్రకారమే ఉండాలి.

కొలతల కోసం స్టేషన్ మాస్టర్‌ని అడిగి, ప్లాట్‌ఫాం మీది నుంచే ఎదురుగా ఫోటోలు తీసుకోండి. ఇటుకలు కనిపించే పాత గోడైతే నాలుగు వరుసలు దాదాపు ఒక అడుగు. సున్నం గోడైతే ఎత్తు తెలిసిన మనిషిని తలుపు పక్కన నిలబెట్టి తీయండి, మిగతావన్నీ దాన్నిబట్టి లెక్కకొస్తాయి.

ఓపికంతా పెంకుల కప్పు మీద పెట్టండి. మామూలు డబ్బా అట్టలోని ముడతలు ఈ స్కేల్‌కి మరీ పెద్దవి. మందపాటి కాగితాన్ని సన్నని పట్టీలుగా కోసి, ఒక అంచున రెండున్నర మి.మీ.కి ఒక గాటు పెట్టి, చూరు నుంచి పైకి ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా అతికించండి. దానికి పెంకు రంగు వేసి, ఆరాక బాగా పలచన చేసిన ముదురు గోధుమ రంగు పూసి గుడ్డతో తుడిస్తే సందుల్లో మాత్రమే నిలుస్తుంది. అప్పుడు చూడండి, ఎన్నో వానలు చూసిన కప్పులా ఎంత ముచ్చటగా ఉంటుందో!

అట్ట గోడకు రెండు వైపులా రంగు వేయండి, ఒకవైపే వేస్తే వంగుతుంది. కిటికీ అద్దాలకు ఓహెచ్‌పీ షీట్ (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) సరిపోతుంది, కానీ సూపర్ గ్లూ దాన్ని తెల్లగా మసకబారుస్తుంది కాబట్టి ఫెవికాల్ వాడండి. కిటికీ చువ్వలకు పాత ఫోన్ వైరులోని రాగి తీగ.

పట్టాలు ఇరుకుగా కనిపిస్తే అది మీ కొలతల తప్పు కాదు. మన బ్రాడ్‌గేజ్‌లో రెండు పట్టాల మధ్య దూరం 1676 మి.మీ., ఈ స్కేల్‌లో 19.3 మి.మీ. రావాలి. హెచ్‌ఓ ట్రాక్ 16.5 మాత్రమే. నేనైతే దాన్ని అలాగే వదిలేస్తాను.