క్రిమినల్ జస్టిస్ డిగ్రీ అంటే పోలీసు కోర్సేనా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఇంటర్ సీఈసీ పాసైంది. క్రిమినల్ జస్టిస్‌లో డిగ్రీ చేస్తానంటోంది. అందులో ఏం నేర్పుతారు? పోలీసు ఉద్యోగం తప్ప ఇంకేమైనా వస్తుందా?

జవాబు: అమ్మా, ఇది పోలీసు శిక్షణ కాదు. ఎఫ్‌ఐఆర్ దగ్గర మొదలైన కేసు రిమాండు, చార్జిషీటు, తీర్పు మీదుగా జైలు దాకా ఎలా నడుస్తుందో, ఏ మెట్టులో ఎవరికెంత అధికారం ఉందో, నిందితుడికి ఏ హక్కులున్నాయో చెప్పే చదువు. మనిషి నేరం వైపు ఎందుకు వెళ్తాడో చెప్పే క్రిమినాలజీ, మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ చట్టం, కొంత సైకాలజీ కూడా ఉంటాయి.

2024 జులై 1 నుంచి నేరాలేవో, వాటికి శిక్షలేవో చెప్పే ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి. కాలేజీ సిలబస్‌లో కొత్త చట్టాలు లేకపోతే అక్కడ చేర్చకండి.

ఈ చదువు అసలు సంగతి సాక్ష్యం దగ్గర తెలుస్తుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒకడి జేబులో దొంగిలించిన సెల్‌ఫోన్ దొరికిందనుకోండి. ఎన్ని గంటలకు దొరికింది, పక్కనుండి చూసిన మధ్యవర్తులెవరు, ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబరెంత, కవరుకు సీలు ఎవరు వేశారు, ల్యాబుకు ఎవరి చేతుల మీదుగా వెళ్లింది, అన్నీ కాగితం మీద ఉండాలి. సోదాను వీడియో తీయాలని కూడా కేసు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, చెబుతోంది. ఒక్కచోట తేడా వచ్చినా డిఫెన్సు లాయరు అక్కడే పట్టుకుంటారు. రాత సరిగా లేక దొంగ తప్పించుకోవచ్చు, ఏ పాపం తెలియనివాడు ఇరుక్కోనూవచ్చు. అందుకే చూసింది చూసినట్టు, ఊహ కలపకుండా రాసే ఓపిక మీ అమ్మాయికి ఉందా అన్నదే నాకు మార్కులకంటే ముఖ్యం.

ఎస్సై పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు. ఈ డిగ్రీతో లాయరు కాలేరు, ఆపైన మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదవాలి. ప్రభుత్వం తరఫున వాదించే ప్రాసిక్యూటర్ కావాలనుంటే లా ప్రవేశ పరీక్ష క్లాట్ రాసి సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలాంటి చోట ఐదేళ్ల లా చేయడమే దగ్గరి దారి. ఫోరెన్సిక్ ల్యాబు ఉద్యోగాలకు సైన్సు డిగ్రీ అడుగుతారు, సీఈసీతో కష్టం. బాలల సంరక్షణ, ప్రొబేషన్ (జైలుకు బదులు షరతులతో బయట ఉన్నవారిని కనిపెట్టుకోవడం), బాధితులకు సాయం చేసే సంస్థలు, కంపెనీల్లో మోసాలు పట్టే విభాగాలు ఉన్నాయి. వీటిలో కొన్నింటికి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్)లాంటి పీజీ కూడా కావాలి.

ఫీజు కట్టే ముందు తనను ఒకరోజు మన జిల్లా కోర్టుకు తీసుకెళ్లండి. వెనక బెంచీలో కూర్చుని ఒక సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్ చివరిదాకా వినమనండి. ఇంటికొచ్చాక ఆ సాక్షి చెప్పినదంతా ఒక పేజీలో రాయమనండి. ఆ పేజీ పట్టుకుని ఇద్దరూ రండి, అది చూశాక కాలేజీ సంగతి మాట్లాడుకుందాం.