శోష, శోషణ ఒకటేనా?

ప్రశ్న: ‘ఓజోన్ అతినీలలోహిత కిరణాలను శోషిస్తుంది’ అని మా అబ్బాయి సైన్సు పుస్తకంలో ఉంది. ఎండకు శోష వచ్చి పడిపోవడం మాకు తెలుసు. ఈ శోషణ ఏమిటి? పీల్చుకుంటుంది అంటే చాలదా?

సమాధానం: రెండూ ఒక తల్లి బిడ్డలే. సంస్కృతంలో ‘శుష్’ ధాతువుకు ఎండిపోవడం అని అర్థం. శుష్కం కూడా అందులోంచి వచ్చిందే. ఒంట్లో తడారి సొమ్మసిల్లితే శోష. ఎండగొట్టేది శోషణం. మన్మథుడి ఐదు బాణాల్లో ఒకదాని పేరు అదే. కావ్యనాయికలు విరహంతో చిక్కిపోయేది దాని దెబ్బకే! ఎండగొట్టడమంటే తడిని లాగేసుకోవడమే కదా. సైన్సు వాళ్ళు ఆ లాగేసుకోవడాన్ని కాంతికి కూడా అన్వయించారు.

పీల్చుకుంటుంది అన్నా తప్పులేదు. పిల్లలకు నేనూ అలాగే చెబుతాను. ‘అడ్డుకుంటుంది’ అనేదే కాస్త గురి తప్పిన మాట. అద్దమూ వెలుగును అడ్డుకుంటుంది, కానీ వెనక్కి కొడుతుంది. ఓజోన్ అలా కాదు, ఆ శక్తిని తనలోకే తీసుకుంటుంది.

కొలతల దగ్గర మాత్రం శోషణ ఉండాల్సిందే. ఎంత పీల్చుకుంటుందో చెప్పే అంకెను ‘శోషణ గుణకం’ అంటారు. దాని బదులు ‘పీల్చుకునే గుణకం’ అంటే నోరు తిరగదు. పైగా ఓజోన్ అన్ని కిరణాలనూ ఒకేలా పీల్చుకోదు. 1920లలో ఆక్స్‌ఫర్డ్‌లో డాబ్సన్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన పరికరం ఈ తేడా మీదే నడుస్తుంది. తరంగదైర్ఘ్యం సుమారు 305 నానోమీటర్లున్న కిరణాన్ని ఓజోన్ గట్టిగా లాగేస్తుంది, సుమారు 325 ఉన్నదాన్ని అంతగా పట్టించుకోదు. రెండూ నేలకు ఎంతెంత చేరాయో పోల్చి, పైన ఓజోన్ ఎంతుందో లెక్కగడతారు. ఆ లెక్కను ఆయన పేరుతోనే డాబ్సన్ యూనిట్లలో చెబుతారు. 300 యూనిట్లంటే, ఆ ఓజోన్‌నంతా సున్నా డిగ్రీల వేడిలో, మామూలు గాలి ఒత్తిడిలో నేల మీద పరిస్తే 3 మిల్లీమీటర్ల మందం. అంతే! పరికరం చూసేది మిగిలిన వెలుగునే అయినా ‘శోషణ కొలిచారు’ అనవచ్చు. థర్మామీటరులో పాదరసాన్ని చూసి ‘జ్వరం చూశాం’ అనడం లేదూ?

మీరు అడగని చిక్కు ఒకటుంది. పాత తెలుగులో ‘శోషించు’ అకర్మకం, వాడిపోవడం అని అర్థం. ‘ఓజోన్ శోషిస్తుంది’ అంటే పాతకాలపు పండితుడికి ఓజోనే వాడిపోతున్నట్టు వినబడుతుంది. అందుకే ‘శోషించుకుంటుంది’ అనడం నాకిష్టం. అంటార్కిటికాలోని హేలీ బేలో అదే డాబ్సన్ పరికరంతో తీసిన అంకెలు ఓజోన్ తరిగిపోతోందని చూపాయి. వాటిని 1985లో బయటపెట్టాక, ఆ పండితుడి అర్థం కూడా నిజమేనని తేలిందనుకోండి.