తీరిక లేని రోజులో బండి షికారు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నాకు నెల్లూరులో ఉద్యోగం. ఉదయం ఎనిమిదిన్నరకు పిల్లలను బడిలో దించి తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఉండాలి; ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు దాటుతుంది. 150 సీసీ బండి ఉంది గానీ ఆఫీసుకూ కూరగాయలకూ తప్ప తీయడం లేదు. ఎండలు తగ్గుముఖం పట్టిన ఈ ఆశ్వయుజ, కార్తిక మాసాల్లో వారానికి రెండు మూడు సార్లయినా సరదాగా అలా వెళ్లి రావాలని ఉంది. ముప్పావుగంట కోసం బండి తీయడం తగిన పనేనా? చిన్న దూరాలు తిప్పితే ఇంజిన్ పాడవుతుందని మా మెకానిక్ అంటున్నాడు. (ఒక పాఠకుడు, నెల్లూరు)

సమాధానం: తగిన పనే. అయితే సాయంత్రం మీద ఆశ వదులుకోండి. అక్టోబరు మధ్యలో మన నెల్లూరులో సూర్యుడు ఉదయం ఆరు ప్రాంతంలో ఉదయించి, సాయంత్రం ఆరు కొట్టకముందే అస్తమిస్తాడు. నవంబరు మొదటి వారానికల్లా అస్తమయం 5.40 ప్రాంతానికి వస్తుంది, ఆ తర్వాత సందెవెలుగు పట్టుమని అరగంట కూడా నిలవదు. ఏడు దాటాక ఇల్లు చేరే మీకు మిగిలేది చీకట్లో ఎదుటి బండ్ల లైట్లు కళ్లలో పడే ప్రయాణమే కాబట్టి, పిల్లలు నిద్ర లేవకముందు దొరికే గంటనే పట్టుకోవాలి.

ఆ గంటలో ఎక్కువమంది చేసే పొరపాటు ఫలానా ఊరు చేరి తీరాలని బయలుదేరడం. మైపాడు ఇరవై కిలోమీటర్ల పైమాటే; ఊళ్ల మధ్యగా సాగే ఆ దారిలో గేదెలనూ పాలక్యాన్ల బండ్లనూ తప్పించుకుంటూ వెళ్లి, అలల దగ్గర కాసేపు నిలబడి తిరిగి రావడానికి ముప్పావుగంట ఏ మాత్రం చాలదు, చాలించాలని చూస్తే వచ్చేటప్పుడు వేగం పెంచక తప్పదు. దాన్ని ఆదివారానికి వదిలేయండి. మిగతా రోజుల్లో ఎక్కడిదాకా వెళ్లాలన్నది కాక, ఎన్నింటికి వెనక్కి తిరగాలన్నది ముందే నిర్ణయించుకోండి. ఆరింటికి బయలుదేరితే 6.20కి ఎక్కడున్నా సరే, ఇందుకూరుపేట కనుచూపు మేరలో ఉన్నా సరే, బండి తిప్పేయాలి. ఇంట్లోవాళ్లకు మీ మాట మీద నమ్మకం కుదిరేదీ, వచ్చేవారం మళ్లీ బండి తీయనిచ్చేదీ అప్పుడే.

దారిని ఎండను బట్టి ఎంచుకోండి. మైపాడు రోడ్డు తూర్పుకు పోతుంది కనుక, పొద్దు పొడిచాక బయలుదేరితే వెళ్లినంతసేపూ ఎదురెండే. హెల్మెట్ అద్దం మీద సన్నని గీతలుంటే ఆ ఏటవాలు వెలుగుకు అద్దమంతా తెల్లబారి, ముందున్న గుంత గానీ కుక్క గానీ కనిపించదు. పెన్నా వంతెన దాటి కోవూరు మీదుగా జొన్నవాడ వైపు వెళితే పోయేటప్పుడు సూర్యుడు వీపున ఉంటాడు, వచ్చేటప్పుడు ఎదురవుతాడు. అందువల్ల వెలుగు రాకముందే బయలుదేరగలిగిన రోజు తూర్పుకూ, కాస్త ఆలస్యమైన రోజు పడమటికీ వెళ్లి, ఎండ తీక్షణం కాకముందే తిరగడం నా సలహా. కృష్ణపట్నం రేవు వైపు మాత్రం వద్దు. బరువు లారీల వెనుక దుమ్ము మింగడం షికారు కాదు.

శరదృతువు అనగానే తేటపడ్డ ఆకాశమే గుర్తుకొస్తుంది గానీ మన జిల్లాలకు అసలైన వానలు అప్పుడే. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు మూడో వారం తర్వాత మొదలై డిసెంబరు దాకా ఉంటాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిందంటే మూడు నాలుగు రోజులు ముసురే. కాబట్టి రోజులు ముందే రాసిపెట్టుకోకండి; చిత్త, స్వాతి కార్తెల్లో తెరిపి ఇచ్చిన ఉదయమే మీది. ఎడగారు కోతలు ఆలస్యమైన చోట వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. వాటి మీద బ్రేకు వేస్తే బండి జారుతుంది. రొయ్యలు తీసుకుపోయే వాహనాల నుంచి కారిన నీళ్లు కూడా అంతే.

ఇక మీ మెకానిక్ మాట సగం నిజం. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది; ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే అందులో కొంత ఆయిల్‌లో చేరి నిలిచిపోతుంది. ఆయిల్ మూత విప్పినప్పుడు దాని లోపలి అంచున చిలికిన మజ్జిగలా తెల్లని నురగ కనిపిస్తే కారణం సాధారణంగా అదే. వీధి చివరి కొట్టుకు వెళ్లి రావడం వల్ల వచ్చే చేటు అది. మన వాతావరణంలో ఆగకుండా అరగంట నడిపితే ఇంజిన్ వేడెక్కి ఆ తేమ చాలావరకు ఆవిరైపోతుంది, బ్యాటరీ కూడా సెల్ఫ్ స్టార్టుకు ఖర్చయిన దాన్ని తిరిగి నింపుకుంటుంది. ఆ లెక్కన మీ రోజువారీ తిరుగుడు కన్నా ఈ షికారే బండికి మేలు. ఇంటి ముందు పది నిమిషాలు ఊరికే ఇంజిన్ ఆన్ చేసి ఉంచడం మాత్రం దీనికి బదులు కాదు.

హెల్మెట్, తాళాలు, లైసెన్సు ముందురోజు రాత్రే ఒకచోట పెట్టుకోండి. టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడు చూసిన కొలతే సరైనది కనుక ఇంటికి దగ్గరలోని బంకులోనే చూపించండి. సముద్రం వైపు వెళ్లి వచ్చిన రోజు ఛైన్ తుడిచి ఆయిల్ వేయడం మరువకండి, ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది.

ప్రశ్న: నేను ఒంగోలులో అధ్యాపకురాలిని. నాలుగున్నరకు కళాశాల అయిపోతుంది. సాయంత్రం గంటసేపు బండి మీద తిరగడానికి కొత్తపట్నం దారి మంచిదా, చీమకుర్తి దారా? (ఒక పాఠకురాలు, ఒంగోలు)

సమాధానం: కొత్తపట్నమేనండీ. చీమకుర్తి దారిలో గ్రానైట్ దిమ్మెలు మోసే లారీలు ఎప్పుడూ ఉంటాయి. పైగా ఆ ఊరు పడమట ఉండడం వల్ల సాయంత్రం ఎదురెండ కూడా. కొత్తపట్నం తూర్పున ఉంది కాబట్టి వెళ్లేటప్పుడు ఎండ వీపున పడుతుంది. నాలుగున్నరకే బయలుదేరినా అయిదింటికల్లా వెనక్కి తిరగండి. పల్లెల్లో పశువులు ఇళ్లకు మళ్లే వేళ, ఎదురెండ, మసక వెలుతురు మూడూ ఒక్కసారే వస్తాయి. నలుపు అద్దం ఉన్న హెల్మెట్ అయితే ఆ వేళకు మార్చి తెల్ల అద్దం వేయించుకోండి.

ప్రశ్న: దారిలో వాన అందుకుంటే ఆగాలా, మెల్లగా వచ్చేయాలా? (ఒక పాఠకుడు, కావలి)

సమాధానం: చినుకులు మొదలైన తొలి పావుగంటే ఎక్కువ ప్రమాదం, రోడ్డు మీది నూనె, దుమ్ము నీటితో కలిసి జారుడు పొరగా మారుతాయి. కాసేపు ఆగి, వాన ఆ పొరను కడిగేశాక రెండు బ్రేకులూ కలిపి మెత్తగా వాడుకుంటూ రావచ్చు. ఉరుములు వినిపిస్తే మాత్రం చింతచెట్టు కిందో తాటిచెట్టు కిందో నిలబడవద్దు. పెట్రోలు బంకో, బడి వరండాయో దొరికేదాకా ఆగకండి, దొరికాక ఉరుములు పూర్తిగా సద్దుమణిగేదాకా కదలకండి.