పెద్ద పువ్వు విత్తనం వేస్తే చేనంతా పెద్ద పువ్వులే వస్తాయా?

ఆనందపురం దగ్గర మీ చేనులో కిలో దాటిన క్యాలీఫ్లవర్లు కొన్ని వచ్చాయని, వాటినే విత్తనానికి ఉంచితే వచ్చే ఏడు దిగుబడి పెరుగుతుందా అని అడిగారు. మీరు వేసింది హైబ్రిడ్ అయితే ఆ ఆలోచన మానుకోండి. దాని సంతానం ఒక్క తీరుగా రాదు, కొన్ని హైబ్రిడ్లకు పుప్పొడే ఉండదు. పూసా మేఘన, పూసా దీపాలి లాంటి సూటి రకమైతే, అంటే గింజ వేస్తే తల్లి తీరే వచ్చే హైబ్రిడ్ కాని రకమైతే, తప్పకుండా ప్రయత్నించండి. 1822లో ఇంగ్లండు నుంచి ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్‌కు వచ్చిన చలిదేశపు పంట నుంచి, సీజను మొదట్లోనే కోతకొచ్చే మన తొలికాలపు రకాలు పుట్టింది రైతులు ఏటా చేసిన ఇలాంటి ఎంపిక వల్లనే. అవి 20 నుంచి 27 డిగ్రీల మధ్య కూడా పువ్వు కడతాయి కాబట్టే విశాఖ తీరంలో మనకు పనికొస్తున్నాయి.

పద్మనాభంలో మా పొలంలో కొన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మా చేనులో అన్నిటికన్నా పెద్ద పువ్వులు ఎప్పుడూ పెంటకుప్ప ఉన్న మూలలోనో, నీటికాలువ మొదట్లోనో వస్తాయి. వాటిని పెంచింది ఎరువు, నీరు. మొక్కల మధ్య కనిపించే తేడాలో జన్యువుల వాటా మాత్రమే పిల్ల మొక్కలకు దక్కుతుంది. అందుకే చేనును చిన్న గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలోనూ మేలైన ఒకటి రెండు మొక్కలకు రంగుదారం కడతాను. అమెరికాలో గార్డ్‌నర్ అనే శాస్త్రవేత్త 1961లో మొక్కజొన్నలో చూపిన పద్ధతి ఇది. పక్కపక్కన ఒకే నేలలో పెరిగిన వాటిని పోలిస్తే నేల తెచ్చే తేడా చాలావరకు తొలగిపోతుంది.

విత్తనానికి ఉంచే పువ్వును కోయలేము, కనుక తూకం కుదరదు. టేపుతో అడ్డుకొలత తీస్తాను, బొటనవేలితో నొక్కి బిగువు చూస్తాను. వెడల్పుగా ఉండి వేలికి లొంగే పువ్వును ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేస్తాను, తక్కెడలో అది తేలిపోతుంది. రూపాయి బిళ్లంత పువ్వు కనబడిన తేదీని కూడా రాసుకోండి. మరీ ముందుగా వచ్చేవాటినే ఏరుతూ పోతే, ఆకు ఎదగకముందే పువ్వు కట్టే చిన్న మొక్కలు మిగులుతాయి.

నాలుగైదు మొక్కలు మాత్రం చాలవు. మన తొలికాలపు రకాలు సాధారణంగా తమ పుప్పొడితో తాము గింజ కట్టవు, పైగా దగ్గరి బంధువుల మధ్య సంపర్కం కొనసాగితే మొక్కల సత్తువ తగ్గిపోతుంది. ముప్పై, నలభైకి తగ్గకుండా ఉంచండి. కిలోమీటరు లోపు మరో రకం క్యాలీఫ్లవర్ గానీ నూల్‌కోల్ గానీ పూతకు రాకుండా చూడండి. పువ్వు ముదిరాక నడిమి భాగాన్ని కత్తితో తీసేస్తే చుట్టూ కాడలు సులువుగా లేస్తాయి. మన తేమకు ఆ కోతలోనే కుళ్లు పడుతుంది కనుక ఎండ ఉన్న రోజే కోయండి.

గింజలు నూర్చాక అన్నీ ఒకే గోతాంలో పోయకండి. ప్రతి మొక్క నుంచి ఒకే కొలత గింజ తీసి కలపండి. వదులు పువ్వులు తేలిగ్గా కాడలు వేసి ఎక్కువ గింజ ఇస్తాయి, గట్టి పువ్వులు తక్కువ ఇస్తాయి. కొలత లేకుండా కలిపితే మరుసటి ఏడు చేనులో వదులు పువ్వులదే పైచేయి అవుతుంది.