వేల్స్ చిన్న దేశమే కదా, వారం వారం వెళ్లి రావచ్చా?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక చెల్లెలి సందేహం: "బాంగర్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. మా పిన్ని కార్డిఫ్‌లో ఉంటారు. వేల్స్ చాలా చిన్నది, జనం కూడా తక్కువ అంటున్నారు. శని, ఆదివారాలు పిన్ని దగ్గరికి వెళ్లి రావచ్చా అక్కా? ఇల్లు అక్కడ దిగాక చూసుకుంటే సరిపోతుందా?"

చెల్లెమ్మా, సీటు వచ్చినందుకు చాలా సంతోషం. కానీ వారం వారం ప్రయాణం కుదరదు. ఇల్లు మాత్రం బయల్దేరే ముందే ఖాయం చేసుకో.

యూకేలో భాగమైన వేల్స్ చిన్నదన్న మాట నిజమే. విస్తీర్ణం సుమారు 20,780 చదరపు కిలోమీటర్లు, 2021 లెక్కల ప్రకారం జనం 31 లక్షలు. వట్టి అంకెలు చూస్తే ఏమీ తెలియదు కాబట్టి వాటిని మన వైపు పెట్టి చూడు. రాయగడ, కోరాపుట్, మల్కనగిరి జిల్లాలు మూడూ కలిపితే దాదాపు 21,700 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల్లో అక్కడి జనం 29.6 లక్షలు. రెండు లెక్కలకీ మధ్య పదేళ్ల తేడా ఉంది, అయినా అంచనాకి ఇది చాలు. వేల్స్ అంటే ఇంచుమించు మన మూడు కొండ జిల్లాలన్నమాట.

మల్కనగిరి నుంచి రాయగడ రావడానికి ఎంతసేపు పడుతుందో ఇంట్లో పెద్దవాళ్లని అడిగితే చెబుతారు. ఇక్కడా అంతే. బాంగర్ ఉత్తరపు కొసన, వేల్స్ రాజధాని కార్డిఫ్ దక్షిణపు కొసన, మధ్యలో కొండలు. వేల్స్ దాటకుండా ఆ రెండు ఊళ్ల మధ్య రైల్లో వెళ్లే దారి లేదు. రైలు ఇంగ్లండులోకి వెళ్లి, ష్రూస్‌బరీ మీదుగా మళ్లీ వేల్స్‌లోకి వస్తుంది. మన వాళ్లు సొంత రాజధాని భువనేశ్వర్‌కి హీరాఖండ్ రైలెక్కి విజయనగరం మీదుగా వెళ్లరూ, అలాగే. ఒక వైపు ప్రయాణానికే నాలుగు గంటల పైన పడుతుంది. ఆదివారం రైళ్లు తక్కువ. సోమవారం పొద్దున్నే క్లాసు పెట్టుకుని ఈ టెన్షన్ నీకెందుకు?

ఇక జనసాంద్రత. వేల్స్‌లో చదరపు కిలోమీటరుకి 150 మంది. మన కోరాపుట్‌లో 157, రాయగడలో 137. ఈ సగటుని నమ్ముకుని ఇల్లు వెతికితే ఇబ్బంది పడతావు. కార్డిఫ్‌లో ఆ లెక్క 2,500 దాటుతుంది. నడిమి వేల్స్‌లోని పోవిస్‌లో 26 మాత్రమే. సగానికి పైగా జనం దక్షిణ తీరంలోనూ ఆ పక్క లోయల్లోనూ ఉన్నారు. జనం పల్చగా ఉన్నచోట అద్దె ఇళ్లు కూడా పల్చగానే ఉంటాయి. బాంగర్ కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న చిన్న ఊరు, అందులో విద్యార్థులే ఎక్కువ. అందుకే యూనివర్సిటీ హాస్టల్లో గదికి ఇప్పుడే అప్లై చెయ్యి.

యూకే అంతా ఒకటే అనుకునేవాళ్లకి ఇంకో మాట. ఇంగ్లండులో చదరపు కిలోమీటరుకి 434 మంది, మన గంజాం జిల్లాలో 430. స్కాట్లాండులో 70. అంటే ఒక్క యూకేలోనే గంజాం ఉంది, రాయగడ ఉంది, రాయగడలో సగం మందే ఉన్న చోటూ ఉంది. ఏ దేశమని కాక, ఏ ఊరు, దగ్గర్లో ఉన్న పెద్ద ఊరు ఏది, అక్కడికి ఎన్ని గంటలు అని అడగాలి. ఏజెంటు ఇవేవీ చెప్పడు, బ్రోషర్‌లోనూ ఉండవు.

భాష గురించి కంగారు పడకు. బాంగర్ ఉన్న గ్వినెత్ ప్రాంతంలో 64 శాతం మందికి వెల్ష్ వచ్చు. బోర్డులన్నీ రెండు భాషల్లో ఉంటాయి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుతూ పెరిగిన పిల్లవి, నీకిది కొత్త కాదు. చదువంతా ఇంగ్లీషులోనే.

పిన్ని దగ్గరికి క్రిస్మస్ సెలవులకీ ఈస్టర్ సెలవులకీ వెళ్లు. ముందుగా కొంటే రైలు టికెట్ చౌకగా దొరుకుతుంది, విద్యార్థులు తీసుకునే 16-25 రైల్‌కార్డు ఉంటే ఇంకా తగ్గుతుంది. దిగిన మొదటి వారంలోనే ఆ కార్డు తీసుకో.