పాత గని రాయి కొనే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కొందామనుకుంటూ టోక్యో నుంచి నువ్వు పంపిన స్టిబ్నైట్ (ఆంటిమొని అనే లోహం తీసే ఖనిజం) ఫోటోలన్నీ చూశాను. రాయి బాగుంది. దాంతోపాటు వచ్చిన చీటీ, అంటే రాయి పేరూ అది దొరికిన చోటూ పాత యజమానులు రాసిపెట్టే కాగితం, దాని ఫోటో మాత్రం ఒక్కటీ లేదు. డబ్బు కట్టకుండా ఆగమన్నది అందుకే. ఫోన్లో తొందరలో చెప్పలేకపోయిన సంగతులు ఇప్పుడు రాస్తున్నాను.

జపాన్‌లోని షికోకు దీవిలో, ఎహిమె ప్రాంతంలో సైజో దగ్గర ఇచినోకావా గని ఉండేది. ఆంటిమొని కోసం తవ్విన గని. అక్కడ స్టిబ్నైట్ కత్తుల్లా పొడుగ్గా, తళతళలాడుతూ పెరిగింది. అడుగు దాటిన స్ఫటికాలు కూడా దొరికాయి. 19వ శతాబ్దం చివర్లో అవి లండన్, న్యూయార్క్ మ్యూజియాల దాకా వెళ్లాయి. 1957లో గని మూసేశారు. కాబట్టి ఇవాళ అమ్మకానికి కనిపించే ప్రతి ముక్కా ఎవరో ఒకరి పాత సేకరణలోంచి రావలసిందే. ఈలోగా చైనాలోని హునాన్, జియాంగ్షీ గనుల నుంచి అందమైన స్టిబ్నైట్ బోలెడంత బజారుకొచ్చింది. రెండూ ఆంటిమొని సల్ఫైడే. విడి స్ఫటికం ఒకటి చేతిలో పెట్టి ఇది ఏ దేశానిదని అడిగితే బాగా అనుభవమున్నవాళ్లు కూడా తడబడతారు. ఎక్కువ ధర పలికేది ఇచినోకావా పేరుకి. ఆ పేరుకి సాక్ష్యం చీటీ తప్ప ఇంకేముంది?

అందుకని చీటీని రాయికంటే ఎక్కువసేపు చూడు. పాత యూరప్ చీటీల మీద ఊరి పేరు బదులు 'ఇయో, షికోకు' అని ఉండటం మామూలే. ఇయో అంటే ఎహిమెకి పాత పేరు. సైజో పట్టణానికి నగర హోదా వచ్చింది 1941లో. మెయిజీ కాలం (1868–1912) చీటీ అని చెబుతూ దాని మీద 'సైజో నగరం' అని కనిపిస్తే అక్కడే ఆగిపో. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి జపనీస్ చీటీల్లో అడ్డంగా వేసిన అక్షరాలు చాలాసార్లు కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. నీకు జపనీస్ చదవడం వచ్చు కాబట్టి ఇది నీకు సులువు. రాయి అడుగున చిన్న తెల్ల రంగు మచ్చ మీద నంబరు ఉందేమో వెతుకు. అది చీటీ మీది నంబరుతో కలిస్తే చాలా ధైర్యం. ఒక రాయికి ముగ్గురు నలుగురు యజమానుల చీటీలుంటే అన్నీ అడిగి తీసుకో, చిరిగినవి కూడా. 'ఇంతకు ముందు ఎవరి దగ్గర ఉండేది?' అని మొహమాటపడకుండా అడుగు. నిజాయితీగా అమ్మేవాళ్లు ఆ ప్రశ్నకి సంతోషిస్తారు. నీ చిన్నప్పుడు మంగంపేట ముగ్గురాయి ముక్క తెచ్చిచ్చినా దాని ఊరూ ఏడూ రాయించేవాణ్ణి, గుర్తుందా? అదే అలవాటు ఇక్కడా పనికొస్తుంది.

డిసెంబరులో ఇకెబుకురోలో ఖనిజాలు అమ్మే మినరల్ షోకి వెళ్లే ముందు ఉయెనోలోని జాతీయ విజ్ఞాన మ్యూజియంలో ఒక పూట గడుపు. సకురాయి కిన్ఇచి అనే ఆయన ఖనిజాల సేకరణ చేరింది ఆ మ్యూజియంకే. ఆయన కాందాలో కోడిమాంసం వంటకాల హోటల్ నడుపుతూనే ఖనిజాలు చదివాడు. ఇకునో గనిలో దొరికిన ఒక కొత్త ఖనిజానికి సకురాయైట్ అని ఆయన పేరే పెట్టారు. ఉద్యోగం చేసుకుంటూ ఇవన్నీ నేర్చుకోగలనా అని అడిగావు కదా, ఆయన్ని తలుచుకో. హ్యోగో వైపు వెళ్తే ఇకునోలో వదా త్సునషిరో సేకరణ కూడా చూడు. ఆయన జపాన్ భూగర్భ సర్వే సంస్థకి మొదటి డైరెక్టర్. అసలు ముక్కలు కళ్లకి అలవాటు పడాలంటే ఇంతకన్నా మంచి చోట్లు లేవు.

యమనాషిలోని ఒతొమె గని పలుగురాయి జంటల (కలిసి పెరిగిన రెండేసి స్ఫటికాల) గురించి కూడా అడిగావు. రెండు బల్లపరుపు స్ఫటికాలు ఒకదాన్నొకటి 84 డిగ్రీల 33 నిమిషాల కోణంలో కలుస్తాయి. లంబకోణానికి కాస్త తక్కువన్నమాట. రెండింటి వెడల్పు ముఖాలూ ఒకే తలంలో ఉండాలి. జిగురుతో అతికించినవీ తిరుగుతుంటాయి కాబట్టి కలిసే గీతని భూతద్దంతో, తర్వాత యూవీ టార్చితో చూడు. చాలా రకాల జిగుర్లు ఆ వెలుగులో మెరుస్తాయి. మెరవనంత మాత్రాన జిగురు లేదనుకోకు.

మీ ఆఫీసు కుర్రాళ్లు పాత గనుల్లోకి వెళ్లి ఏరుకొద్దాం అంటున్నారన్నావు. వద్దమ్మా. కూలే సొరంగాలు, నీళ్లు నిండిన గోతులు, ఆర్సెనిక్ ఉన్న మట్టి. పైగా ఆ రాళ్లకి యజమానులుంటారు, యమనాషి కొండల్లో కొంత భాగం జాతీయ ఉద్యానవనం. గని లోపల చూడాలని ఉంటే పర్యాటకుల కోసం తెరిచిన అషియో ఉంది. 1973లో మూతపడిన రాగి గని అది. దాని విషపు నీళ్లు వతరసె నదిలో కలిసి రైతుల పొలాలు పాడైతే, వాళ్ల తరఫున పోరాడిన తనాక షోజో 1901లో చక్రవర్తికే వినతిపత్రం ఇవ్వబోయాడు. అందమైన రాళ్లు కొనేవాళ్లకి ఆ కథ కూడా తెలిసుండాలని నా పట్టుదల.

చివరికి స్టిబ్నైట్ కొన్నావనుకో. అది గోటితో గీసినా గీత పడేంత మెత్తన. కడగకు, బ్రష్ పెట్టకు. దుమ్ము పడితే గాలి బుడ్డితో మెల్లగా ఊదు. వెలుతురులో ఉంచితే మెరుపు తగ్గి నల్లబడుతుంది కాబట్టి కిటికీ పక్క అలమరలో పెట్టొద్దు. టోక్యోలో భూకంపాల టెన్షన్ ఎలాగూ ఉంది. కింది సొరుగులో, మూతున్న పెట్టెలో, కదలకుండా చుట్టూ మెత్తగా సర్ది పెట్టు. ఎత్తేటప్పుడు అడుగురాయిని పట్టుకో, స్ఫటికాలని కాదు. ముట్టుకున్నాక చేతులు కడుక్కో. చీటీలు ప్లాస్టిక్ కవర్లో వేసి అదే పెట్టెలో ఉంచు. ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకి కొన్నావో నీ చీటీ కూడా రాసి వాటితో కలుపు.

ఉంటాను,
పెదనాన్న